నాటకానికి కొయ్య 303: ఇంటి షెడ్డులో ప్రతిరూప రైఫిలు తయారీ

గోదావరి జిల్లాల్లో అల్లూరి సీతారామరాజు నాటకమంటే జనానికి ప్రత్యేకమైన మమకారం. ఆయన సొంతూరు మోగల్లు భీమవరం పక్కనే ఉంది. 2022 జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. సంక్రాంతికీ జాతరకీ వేసే నాటకాల్లో, పరిషత్తు పోటీల్లో, బడి వార్షికోత్సవాల్లో ఆ కథ వస్తూనే ఉంటుంది. రాజు పాత్రధారి వస్త్రానికీ గడ్డానికీ విల్లంబులకీ ఎంతో శ్రద్ధ పెడతారు. ఎదురుగా నిలబడ్డ బ్రిటిష్ దళం చేతిలో మాత్రం తిరునాళ్లలో కొన్న ప్లాస్టిక్ తుపాకి ఉంటుంది. సిపాయి దాన్ని రెండు వేళ్లతో తిప్పేస్తాడు. ఆ క్షణంలో ఎదుటివాడి బలం సున్నా అయిపోతుంది, దానితోపాటు రాజు తెగువ కూడా తగ్గిపోతుంది.

రంగస్థలం మీద తుపాకిని నమ్మించేది చెక్కడం పనితనం కంటే ముందు బరువు. మూడు కేజీల వస్తువు భుజాన ఉన్నప్పుడు మనిషి నడక, నిలబడే తీరు, తిరిగే వేగం వాటంతటవే మారతాయి. నటుడు దాన్ని నటించనక్కర్లేదు. ఈ మార్గదర్శి అంతా ఆ బరువు చుట్టూనే తిరుగుతుంది. ఎన్నటికీ పేలని, ఏదీ విసరని, కానీ చేతిలో పట్టుకుంటే నిజమనిపించే కొయ్య రైఫిలును ఇంటి దగ్గర మామూలు వడ్రంగి పనిముట్లతో ఎలా చేసుకోవాలో చెబుతాను.

ఎయిర్‌సాఫ్ట్ తుపాకి తెప్పించుకుంటే సరిపోతుంది కదా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. అవి 6 మి.మీ. ప్లాస్టిక్ గుళ్లను విసురుతాయి. దగ్గర నుంచి కంటికి తగిలితే చూపు పోవచ్చు. నటులు మూడడుగుల దూరంలో ఎదురెదురుగా నిలబడే వేదిక మీద అలాంటి యంత్రం ఉండకూడదు. మనకు కావలసింది రూపం, బరువు, చప్పుడు. ఆ మూడూ చెక్కతో, ఇనుప కడ్డీతో, తలుపు గడియతో వస్తాయి.

ఏ రైఫిలు, ఎందుకు

రంప తిరుగుబాటు 1922 నుంచి 1924 వరకు సాగింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. 1924 మొదట్లో అస్సాం రైఫిల్స్ దళాన్ని దించారు. ఆ కాలంలో బ్రిటిష్ ఇండియా సైన్యపు మామూలు రైఫిలు పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ మార్క్ 3. మనవాళ్లు 303 అనేది దీన్నే. 1907లో వాడుకలోకి వచ్చింది. కలకత్తా దగ్గర ఇషాపూర్ కర్మాగారంలో ఇక్కడా తయారయింది.

మన అదృష్టం కొద్దీ కొయ్యతో చేయడానికి ఇంతకంటే అనువైన రైఫిలు లేదు. దాని గొట్టం దాదాపు మొత్తం చెక్క కింద దాగి ఉంటుంది. మూతి దగ్గర మొండి ముక్కులాంటి ఇనుప టోపీ, అందులోంచి గొట్టం కొన అర అంగుళం లోపే బయటికి కనిపిస్తుంది. అంటే ఇనుప పని చాలా తక్కువ. పైగా అసలు రైఫిలులోనే భుజానికి ఆనించే వెనక భాగం బట్టు, గొట్టం కింద ఉండే ముందు కట్ట వేరువేరు ముక్కలు. పొడవాటి ఒకే పలక కోసం మనం వెతుక్కోనక్కర్లేదు.

కొలతలు: మొత్తం పొడవు 1132 మి.మీ., అంటే 3 అడుగుల 8½ అంగుళాలు. గొట్టం 640 మి.మీ. బరువు సుమారు 3.9 కేజీలు. మ్యాగజీనులో 10 తూటాలు. నాటకానికి బరువు 2.7 నుంచి 3 కేజీల మధ్య ఉంటే చాలు. అంతకు మించితే రెండో అంకానికి కుర్రాళ్ల చేతులు లాగేస్తాయి, రెండు కేజీలకు తగ్గితే మళ్లీ బొమ్మే.

మొదలుపెట్టే ముందు స్టేషనుకు

చెక్కదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నియమాల్లో నకలు తుపాకుల ప్రస్తావన ఉంది. నాటకం పేరు, ప్రదర్శన తేదీ, ఎన్ని ప్రతిరూపాలు చేస్తున్నారు, అవి గొట్టం లేని కొయ్యవి అన్న సంగతి రాసి, ఊరి పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకుని స్టేషనులో అర్జీ ఇవ్వండి. "సార్, మా నాటకానికండి, కొయ్యదండి" అని నమూనా బొమ్మ చూపించి, ఏమేం పాటించాలో ఎస్సై గారినే అడిగి తెలుసుకోండి. అర్జీ నకలు మీద స్టాంపు వేయించుకుని తుపాకి సంచిలోనే పెట్టుకోండి. ఎన్నికల రోజుల్లో ఇది మరీ అవసరం.

రెండో నియమం తయారీకి సంబంధించింది. ఈ ప్రతిరూపంలో ఎక్కడా బోలు గొట్టం ఉండకూడదు. నీళ్ల పైపు, పీవీసీ పైపు, పాత సైకిలు గొట్టం ఏదీ వాడొద్దు. గొట్టం స్థానంలో గట్టి కడ్డీ వేస్తాం, మూతి రంధ్రాన్ని నల్ల రంగుతో దిద్దుతాం. ఐదో వరుసలో కూర్చున్నవాడికి కూడా తేడా తెలియదు.

అసలు పొడవు బొమ్మ

చేతిలో అసలు రైఫిలు లేకుండా కొలతలన్నీ కాగితం మీద లెక్క కట్టడం కష్టం. దానికి తేలిక మార్గం ఫ్లెక్సీ షాపు. రైఫిలును సరిగ్గా పక్క నుంచి తీసిన స్పష్టమైన ఫొటో ఒకటి సంపాదించండి. ఏటవాలుగా తీసింది పనికిరాదు, మూతి చిన్నదిగా బట్టు పెద్దదిగా వస్తుంది. మ్యూజియంలు పెట్టే ఫొటోలు ఎక్కువగా తిన్నగానే ఉంటాయి. ఫ్లెక్సీ షాపు కుర్రాడికి ఇచ్చి, బట్టు చివర నుంచి మూతి కొన దాకా సరిగ్గా 1132 మి.మీ. వచ్చేలా రెండు కాపీలు తీయించండి. ఇంటికొచ్చాక టేపు పెట్టి కొలవండి. ఒక కాపీ గోడకు కొట్టుకోండి, రెండోది కత్తిరించి చెక్క మీద అచ్చుగా వాడండి. పైనుంచి చూసిన వెడల్పులకు ఈ లెక్క చాలు: ముందు కట్ట మ్యాగజీను దగ్గర 45 మి.మీ., మూతి వైపు 38 మి.మీ., మణికట్టు (బట్టుకు ముందు చేత్తో పట్టుకునే సన్నటి మెడ) దగ్గర 40 మి.మీ., బట్టు చివర 45 మి.మీ.

పట్టు ఎవరికి ఎంత కావాలన్నది ఇక్కడే తేల్చుకోండి. అసలు రైఫిలుకు బట్లు నాలుగు సైజుల్లో వచ్చేవి. మామూలుది కాక అర అంగుళం పొడవుది, అర అంగుళం పొట్టిది, అంగుళం పొట్టిది ఉండేవి. మామూలు సైజులో ట్రిగ్గరు నుంచి బట్టు చివరకు సుమారు 13 అంగుళాలు. బడిపిల్లలు వేసే నాటకమైతే అంగుళం తగ్గించండి. చరిత్రకు అన్యాయమేమీ జరగదు.

చెక్క

ఈ పనిలో సగం గెలుపు చెక్క ఎంపికలోనే ఉంది.

నా మొదటి ఓటు పాత టేకుకే. కోనసీమలో, పశ్చిమ డెల్టాలో పాత మండువా లోగిళ్లు విప్పుతున్నప్పుడు దూలాలు, వాసాలు, ద్వారబంధాలు అమ్మకానికి వస్తాయి. దశాబ్దాలపాటు ఇంటి కప్పు కింద ఆరిన చేవ అది. ఇక వంగదు, పగలదు, మెలి తిరగదు. కొత్త టేకు కొంటే డిపోవాడు ఎంత ఎండిందని చెప్పినా మన గాలిలో తేమకి మళ్లీ కదులుతుంది. పాత చెక్కతో ఒకే జాగ్రత్త: లోపల విరిగిన మేకులు ఉంటాయి. సామిల్లుకు తీసుకెళ్లే ముందు పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి పలక పొడవునా తిప్పండి. లాగిన చోటల్లా సున్నంతో గుర్తు పెట్టి మేకు పీకేయండి. రంపం పళ్లు విరిగితే సామిల్లు మేస్త్రి ఇంకోసారి మన చెక్క ముట్టుకోడు.

రెండో ఎంపిక నిద్రగన్నేరు. గాలివానకు కాలవ గట్ల మీద, రోడ్ల పక్కన పడిపోయిన చెట్లు సామిళ్లకు వస్తుంటాయి. దాని చేవ ముదురు గోధుమ రంగు. 303 కట్టలకు వాడిన వాల్‌నట్ చెక్క రంగుకి మన దగ్గర దొరికేవాటిలో ఇదే దగ్గర. నార అల్లిబిల్లిగా ఉంటుంది కాబట్టి తోపడా పడితే అక్కడక్కడా లేస్తుంది. ఆకురాయితో, సాండ్ పేపరుతో నెమ్మదిగా దిగాలి.

వేప గట్టిదే, పురుగు పట్టదు, కానీ పచ్చిది తెస్తే పగుళ్లిస్తుంది. మామిడి చవక, పని తేలిక. అయితే పురుగు పడుతుంది, అందుకని ఒక్క సీజను నాటకానికి మాత్రమే. కొబ్బరి జోలికి పోవద్దు: పై పొర రాయిలా ఉండి లోపల మెత్తబడుతుంది, పేళ్లు చేతిలో గుచ్చుకుంటాయి.

రెండు ముక్కలు కావాలి. బట్టుకు 2 అంగుళాల మందం, 6 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల పొడవు. ముందు కట్టకు 2 అంగుళాల మందం, 2½ అంగుళాల వెడల్పు, 33 అంగుళాల పొడవు. వీటితోపాటు పై కప్పుకు అంగుళం మందం పట్టీ ఒకటి. బట్టు ముక్క మీద అచ్చు పెట్టేటప్పుడు నార దిశ చూడండి. చెక్క నార మణికట్టు పొడవునా తిన్నగా పారాలి. అడ్డంగా కోసుకుపోతే రైఫిలు కింద పడ్డ మొదటిసారే అక్కడ విరుగుతుంది. అచ్చును ఒక చిటికెడు తిప్పితే తరచూ సరిపోతుంది, కాస్త చెక్క వృథా అయినా ఫరవాలేదు.

చెక్క ఎండిందో లేదో చూడ్డానికి కిరాణా కొట్టు తక్కెడ చాలు. వారానికోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే చెక్క మన గాలికి సర్దుకున్నట్టే. అప్పుడే రంపం పెట్టండి. ఈ పని వానాకాలంలో మొదలుపెట్టకండి. కార్తీకం వెళ్లాక మొదలుపెడితే చెక్క, జిగురు, నూనె అన్నీ మాట వింటాయి.

కోయడం, రూపం తేవడం

అచ్చు గీతకు బయట 3 మి.మీ. వదిలి కోయండి. బ్యాండ్ రంపం ఉన్న షాపుకి వెళ్తే కొద్దిసేపటి పని. చేతి రంపంతో అయితే బట్టు కింది వంపు దగ్గర అంగుళానికొక అడ్డకోత పెట్టి, ఆ మధ్య ముక్కల్ని ఉలితో ఎగరగొట్టండి. తర్వాత పక్కలు. ముందు నాలుగు పలకలుగా, తర్వాత మూలలు కొట్టి ఎనిమిది పలకలుగా, ఆ తర్వాతే గుండ్రంగా. ఈ వరుస తప్పి మొదటే గుండ్రం చేయబోతే రెండు పక్కలు ఒకేలా రావు. మొరటు ఆకురాయి, సన్న ఆకురాయి, 80, 120, 220 నంబరు పేపర్లు, అంతే. టేకు పొట్టు గొంతు పట్టేస్తుంది, మూతికి గుడ్డ కట్టుకోండి.

అతుకు గురించి మాత్రం కాస్త ఆగి చూడాలి. కింద పడేసినా, విసిరినా, కుర్రాళ్లు దాని మీద ఆనుకుని నిలబడినా భారం మొత్తం మణికట్టు మీదే పడుతుంది. అసలు రైఫిలులో బట్టు లోపలి నుంచి పొడవాటి బోల్టు వచ్చి ఇనుప సాకెట్టులో బిగుస్తుంది. ఇంట్లో అంత పొడవు బెజ్జం తిన్నగా వేయడం కష్టం కాబట్టి 12 మి.మీ. థ్రెడ్ రాడ్డును 6 అంగుళాల ముక్క కోయించుకోండి. రెండు చెక్కల్లోనూ 13 మి.మీ. బెజ్జం, చెరో 3 అంగుళాల లోతు. బెజ్జాల కేంద్రాలు కలవడానికి ఒక ముక్కలో చిన్న మేకు తల కోసి గుచ్చి, దాన్ని రెండో ముక్కకు అదిమితే గుర్తు పడుతుంది. అరాల్డైట్ రెండు ట్యూబులూ సమానంగా కలిపి బెజ్జాల్లో నింపి, రాడ్డును తిప్పుతూ దించండి. రెండు ముక్కల్నీ తాడుతో మెలిపెట్టి బిగించి ఒక రోజు కదపకండి. తర్వాత 2 మి.మీ. ఇనుప రేకు ముక్కలు రెండు, అతుకుకు చెరో పక్కన మరమేకులతో కొట్టండి. అవి బలమూ ఇస్తాయి, సాకెట్టులానూ కనిపిస్తాయి.

బరువు పెట్టడం

టేకు చెక్క మాత్రమే అయితే రైఫిలు కేజీన్నర పైచిలుకు తూగుతుంది. మిగతాది ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. బట్టు తొలిచి ఇసుకో సీసమో నింపేవాళ్లున్నారు. వద్దు. బరువు వెనక చేరితే మూతి గాల్లోకి లేస్తుంది, భుజాన పెట్టుకుంటే వెనక్కి జారుతుంది. అసలు రైఫిలులో బరువు ఎక్కడుందో మనదాంట్లోనూ అక్కడే ఉండాలి, అంటే గొట్టం ఉండే చోట.

తాపీ మేస్త్రులకు కంఠతా వచ్చిన లెక్క: 16 మి.మీ. ఇనుప కడ్డీ మీటరుకు 1.58 కేజీలు. అసలు గొట్టం పొడవు 640 మి.మీ. కోస్తే ఒక కేజీ. ఇల్లు కట్టుకునేవాళ్ల దగ్గర మిగిలిన ముక్క అడిగితే కాదనరు. దాని మీద ఉండే గట్లు జిగురుకు మంచి పట్టు ఇస్తాయి. ముందు వైపు రెండంగుళాలు మాత్రం లేతు మీద 15 మి.మీ.కు నున్నగా తిప్పించండి, అదే బయటికి కనిపించే మూతి.

ముందు కట్ట పై ముఖం మీద మధ్యగా 17 మి.మీ. వెడల్పు, 17 మి.మీ. లోతు గాడి తీయండి. రూటరు లేకపోతే రెండు గీతలు గీసి, రంపంతో అంచులు కోసి, ఉలితో మధ్య తీసేయొచ్చు. కడ్డీ వెనక కొనకూ, తర్వాత మనం పెట్టబోయే బోల్టు (సిపాయి వెనక్కి లాగి ముందుకు తోసే పిడి ఉన్న కడ్డీ) గాడికీ మధ్య కనీసం రెండంగుళాల గట్టి చెక్క వదలండి. ఈ రెండూ ఎక్కడా కలవకూడదు. ఎవరైనా విప్పి చూసినా ఇది పేలే వస్తువు కాదని ఒక్క చూపులో తెలిసిపోవాలి. కడ్డీకి ఎమెరీ పేపరుతో తుప్పు తీసి, రెడ్ ఆక్సైడ్ కొట్టి ఆరాక, అరాల్డైట్ పరిచి గాడిలో కూర్చోబెట్టండి. పైన పట్టీ చెక్కను లోపల కాస్త తొలిచి, బయట అర్ధచంద్రాకారంగా చెక్కి మూతపెట్టండి. ఆ మూత అసలు రైఫిలులో కూడా రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో ఒక ఇనుప కట్టు ఉంటుంది. అతుకు అక్కడే పెడితే కట్టు కింద దాగిపోతుంది.

ఇప్పుడు చూపుడువేలు మీద నిలబెట్టి చూడండి. మ్యాగజీను ముందు అంచు దగ్గర నిలిస్తే బ్రహ్మాండం. ఒకటి రెండు అంగుళాలు ముందుకు వస్తే ఇత్తడి బట్టు ప్లేటుతో సరిపోతుంది.

బోల్టు: అల్‌డ్రాపుతో

సిపాయి బోల్టు లేపి, వెనక్కి లాగి, ముందుకు తోసి, దించే చప్పుడుంది చూశారా, ఆ నాలుగు మెట్ల చప్పుడుకే ప్రేక్షకులు ఊపిరి బిగబడతారు. తుపాకి మోత కంటే దీని ప్రభావం ఎక్కువ. అందుకే కదలని బోల్టుతో సరిపెట్టుకోకండి.

తలుపులకు తాళం వేసే ఇనుప అల్‌డ్రాపు ఏ హార్డ్‌వేర్ కొట్టులోనైనా దొరుకుతుంది. అందులో గుండ్రటి కడ్డీ తిరుగుతుంది, జారుతుంది కూడా. రైఫిలు బోల్టు చేసే పని సరిగ్గా అదే. 10 అంగుళాలది, 16 మి.మీ. కడ్డీ ఉన్నది అడగండి. అల్యూమినియంది తీసుకోవద్దు, చప్పుడు పేలవంగా ఉంటుంది. స్టీలుది మెరుస్తుంది, రంగు పట్టదు. మామూలు ఇనుపదే మేలు.

తాళం పెట్టే చెవి ముక్కను గ్రైండరుతో కోసేయండి. అదే చోట 10 మి.మీ. కడ్డీ ముక్కను కిందికి వంచి, చివర 20 మి.మీ. ఉక్కు గోళీ పెట్టి వెల్డింగు చేయించండి. పాత బేరింగు గోళీలు లారీ షెడ్లలో దొరుకుతాయి. పిడి కుడి పక్కన, ట్రిగ్గరుకు కాస్త పైగా, ఒంటికి దగ్గరగా రావాలి. అచ్చు బొమ్మ పక్కన పెట్టుకుని వంపు చూపించండి, వెల్డరు ఊహకు వదిలేయకండి.

ముందు కట్ట వెనక భాగంలో, సాకెట్టు వైపు నుంచి, 18 మి.మీ. వెడల్పు గాడి తీసి అల్‌డ్రాపు కడ్డీని కూర్చోబెట్టండి. దాని రెండు కొక్కేలనూ మరమేకులతో చెక్కకు బిగించండి. కుడి అంచు మీద రేకు పట్టీ ఒకటి కొట్టి అందులో ఎల్ ఆకారపు కోత పెట్టండి: పిడి ముందు దిగి కూర్చునే నొక్కు ఒకటి, అక్కడి నుంచి వెనక్కి మూడున్నర అంగుళాల దారి. దారి చివర ఒక అడ్డుమేకు ఉంటే కడ్డీ ఊడి బయటికి రాదు. పిడి నొక్కులో దిగేటప్పుడు ఇనుము ఇనుముకు తగలాలి. చెక్కకు తగిలితే చప్పుడు చచ్చిపోతుంది, కాబట్టి నొక్కు అడుగున రేకు మడిచి పెట్టండి. గ్రీజు వద్దు, దుమ్ము పట్టి చిక్కబడుతుంది. రెండు చుక్కల కుట్టుమిషను నూనె చాలు.

మిగతా ఇనుప సామాను

మ్యాగజీను చెక్క దిమ్మె, పైన పలుచని రేకు చుట్టి మేకులు. ట్రిగ్గరు గార్డు 20 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఫ్లాట్ పట్టీని పాత పైపు చుట్టూ వంచితే వస్తుంది. ట్రిగ్గరు కదలనవసరం లేదు. గురి చూసుకునే వెనక సైటు కూడా చెక్కదే.

మూతి టోపీ మాత్రం బాగా రావాలి, దూరం నుంచి 303ని గుర్తుపట్టేది దానితోనే. నల్లతుమ్మ చేవ దిమ్మెతో చెక్కండి, అంచులు పదునుగా నిలుస్తాయి. ముందు ముఖం బల్లపరుపుగా, పైన సైటుకు రెండు పక్కలా చెవుల్లాంటి కాపలా రెక్కలు, కింద బాయొనెట్టు తగిలించే మొండి బొడిపె. మధ్యలో 15 మి.మీ. బెజ్జం వేసి కడ్డీ కొన దూర్చండి, 8 మి.మీ. బయటికి ఉంచండి.

బాయొనెట్టు చేయాలా అని అడిగితే నేను వద్దనే అంటాను. అసలుది 17 అంగుళాల కత్తి. చీకట్లో, తెర వెనక, తోసుకుంటూ పరిగెత్తే చోట చెక్కదైనా ప్రమాదమే. నడుముకు ఒర వేలాడదీయండి, చాలు.

అజ్జరం ఇత్తడి, మంచం నవారు

మార్క్ 3 బట్టు ప్లేటు ఇత్తడిదే. తణుకు పక్కన పెరవలి దగ్గర అజ్జరం ఊరు ఇత్తడి సామానుకు పేరుపడింది. అక్కడ 3 మి.మీ. రేకు ముక్క మీద బట్టు ఆకారం గీసిచ్చి కోయించుకోవచ్చు. 120 మి.మీ. ఎత్తు, 45 మి.మీ. వెడల్పు ముక్క 140 గ్రాముల దాకా తూగుతుంది, ముందు కడ్డీకి సరిజోడు. రెండు పెద్ద మరమేకులతో బిగించి, మెరుగు పెట్టకుండా వదిలేయండి. చింతపండుతో తోమిన ఇత్తడి వేదిక దీపాలకు కళ్లు చెదిరేలా మెరుస్తుంది, సిపాయి తుపాకి అలా ఉండదు. కుడి పక్క బట్టు మీద రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద ఇత్తడి బిళ్ల ఒకటి పొదగండి. పటాలం గుర్తులు దాని మీదే కొట్టేవారు.

భుజం పట్టీకి తోలు వాడకండి. ఆ కాలపు పట్టీ అంగుళంపావు వెడల్పు నూలు అల్లిక, ఖాకీ రంగు. మంచాలకు అల్లే నూలు నవారు సరిగ్గా అలాంటిదే. సన్న రకం దొరక్కపోతే వెడల్పుదాన్ని మడిచి రెండు అంచులూ కుట్టించండి. కరక్కాయ కషాయంలో ముంచి, అదే నీళ్లలో రెండు తుప్పు మేకులు కాసేపు వేస్తే బూడిద కలిసిన ఖాకీ వస్తుంది. మేకులు ఎక్కువసేపు ఉంచితే నల్లబడిపోతుంది, కాబట్టి దగ్గరుండి చూసుకోవాలి. 4 మి.మీ. తీగతో రెండు లంకెలు చేసి మధ్య కట్టుకు ఒకటి, బట్టు కింద ఒకటి.

నూనె, నలుపు

చెక్కకు వార్నిషు కొట్టొద్దు. అసలు రైఫిళ్ల కట్టలకు అవిసె నూనె పట్టించేవారు, మనమూ అదే చేద్దాం. మొదటి పూతకు నూనె, టర్పెంటైను సగం సగం. గుడ్డతో రుద్ది, అరగంట ఆగి, మిగిలింది పూర్తిగా తుడిచేయండి. తర్వాతి పూతలు నూనె మాత్రమే, పలుచగా. పూతకూ పూతకూ మధ్య చేతికి జిగురు తగలకుండా ఆరాలి. మన తేమలో అది ఒక రోజుతో తేలదు, తొందరపడితే పైన పొర కట్టి బంకగా మిగిలిపోతుంది. నాలుగు పూతలయ్యాక అరచేతితో వేడి పుట్టేలా రుద్దండి.

ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండలు చుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే వాటంతటవే అంటుకుంటాయి. తడిపి, విప్పి, ఆరుబయట దండెం మీద ఆరేయండి. తాటాకు పాకల పక్కన పని చేసేవాళ్లు ఇది మరువకూడదు.

చెక్కతో చేసిన ఇనుప భాగాల్ని ఇనుములా చూపించడానికి ఈ వరుస: రెండు పూతల లక్క, దాని మీద లప్పం, 220 పేపరు, మెరుపు లేని నల్ల రంగు. బాగా ఆరాక మెత్తటి పెన్సిలు ములుకుల పొడిని గుడ్డతో అద్ది రుద్దండి. అంచుల మీద కాస్త గట్టిగా, లోతుల్లో తేలిగ్గా. నలుపులోంచి ఉక్కు చాయ పైకి వస్తుంది. ఎదురుగా పెట్టి చూసినా చెక్క అని నమ్మడం కష్టం. నిజమైన ఇనుప ముక్కల్ని మాత్రం కమ్మరి పద్ధతిలో చేయొచ్చు: చెక్కకు బిగించక ముందే వేడి చేసి నూనె పట్టిస్తే నల్లగా పొర కడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అది కూడా ఆగదు, నెలకోసారి నూనె గుడ్డ తప్పదు.

మూతి మధ్యలో 8 మి.మీ. నల్ల చుక్క పెట్టండి. అదే తుపాకి రంధ్రం.

ఎన్ని చేయాలి

చింతపల్లి దాడిలో 11 తుపాకులు, 1390 తూటాలు, 14 బాయొనెట్లు, 5 కత్తులు తీసుకుని, ఏమేం తీసుకున్నారో స్టేషను పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టాడు. ఆ దృశ్యం వేసేవాళ్లు 11 రైఫిళ్లూ ఇలాగే చేయాలని కూర్చుంటే ఏడాది పడుతుంది. ముందు వరుస నటుల చేతుల్లో రెండు పూర్తి ప్రతిరూపాలు, నడిచే సిపాయిలకు బోల్టు కదలని నాలుగు, గోడకు ఆనించేవి 19 మి.మీ. ప్లైవుడ్ కోతలు. పూర్తివి ఎవరికి ఇవ్వాలో దర్శకుడితో ముందే మాట్లాడుకోండి. బోల్టు లాగే నటుడికే ఇవ్వాలి, సీనియరు అని కాదు.

రిహార్సలూ చప్పుడూ

తుపాకి నటుడికి ప్రదర్శన రోజున ఇస్తే ఇంత శ్రమా వృథా. కనీసం రెండు వారాల ముందు చేతికివ్వండి. ఎడమ భుజాన పెట్టుకుని నడవడం, దించడం, నేలకు ఆనించడం నేర్పడానికి ఊళ్లో రిటైరైన సిపాయి ఎవరైనా ఉంటారు. "బాబాయి గారూ, మా కుర్రాళ్లకు కాస్త డ్రిల్లు చూపించండి" అంటే ఆయనకూ సంతోషమే. గురి పెట్టేటప్పుడు ఎదుటి నటుడి ముఖానికి కాక భుజానికి ఓ జానెడు పక్కగా పెట్టమనండి. ప్రేక్షకుల వైపు నుంచి తేడా కనిపించదు.

పేలుడు చప్పుడు కోసం తుపాకికి టపాకాయలు, మందు తగిలించే పని ఎప్పుడూ చేయకండి. రెండడుగుల పొడవు, 4 అంగుళాల వెడల్పు టేకు బద్దలు రెండు తీసుకుని, ఒక చివర బందు వేసి, రెండో చివర పిడులు కొట్టండి. తెర వెనక నిలబడి ఒక్కసారి చరిస్తే మైకులో తుపాకి దెబ్బే. చరిచేవాడికి నటుడి భుజం కనిపించాలి. నటుడు భుజాన్ని వెనక్కి తన్నుకున్న క్షణంలోనే దెబ్బ పడాలి. ఈ ఇద్దరూ విడిగా కూర్చుని సాధన చేయాలి.

ప్రయాణంలో రైఫిలు ఎప్పుడూ గుడ్డ సంచిలో, జిప్పు మూసి ఉండాలి. బస్సులో, ఆటోలో, టీ కొట్టు దగ్గర బయటికి తీయకూడదు, సెల్ఫీల కోసం అసలే తీయకూడదు. వేదిక మీద లేనప్పుడు మూతికి ముదురు నారింజ రంగు గుడ్డ టోపీ తొడగండి. ప్రదర్శన అవగానే లెక్కపెట్టి, ఒక మనిషి బాధ్యత మీద తాళం వేసిన పెట్టెలో పెట్టాలి.

నిల్వ చేసేటప్పుడు గోడకు ఆనించి నిలబెట్టకండి, వానాకాలం నేల చెమ్మ బట్టులోకి ఎక్కుతుంది. రెండు కొయ్య చీలల మీద అడ్డంగా పెట్టండి. నవారు పట్టీ విప్పి విడిగా మడవండి, తడి నూలు ఇనుముకు తగిలిన చోట తుప్పు మొదలవుతుంది. వానలు తగ్గాక సాకెట్టు మరమేకులు, అల్‌డ్రాపు మరమేకులు ఒకసారి బిగించి చూడండి. వదులైన బెజ్జంలో అగ్గిపుల్ల జిగురుతో దూర్చి మళ్లీ మరమేకు ఎక్కిస్తే వచ్చే సీజను దాకా కదలదు.